వయోలాకు మనిషి లేక

హైదరాబాద్ నుంచి పెద్ద ఆర్కెస్ట్రా వాళ్లు కరీంనగర్‌లో పిల్లలకు శిక్షణ శిబిరం పెట్టినప్పుడు, నేను లేనిదే పని జరగదని మనిషిని పంపి మరీ పిలిపించుకున్నారు. ఇంట్లో నేను చెప్పిన మాట ఇది. నిజానికి వాళ్లకు వయోలా వాయించే పిల్లలు దొరకలేదు. వయోలా అంటే వయొలిన్‌కు కాస్త లావుపాటి అక్క, గొంతు బొంగురు. నలుగురు కూర్చుని వాయించే బృందానికి అది లేకపోతే కుదరదు. మోకాళ్ల నొప్పులతో ఇంట్లో పడి ఉన్న నేను ఎవరికో గుర్తొచ్చాను.

అలా ముసలితనంలో ముగ్గురు పిల్లల మధ్య కూర్చున్నాను. మొదటి వయొలిన్ బొగ్గుగనుల కాలనీ అమ్మాయిది, ఇంటర్ చదువుతోంది. రెండో వయొలిన్ ఆమె చెల్లెలిది. కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం చెల్లో, ఇచ్చోడ ఊరి కుర్రాడిది. పగలంతా ఆర్కెస్ట్రా వాళ్ల పక్కన గుంపులో వాయించడం, సాయంత్రం మా నలుగురి సాధన. అప్పటికి నా భుజం నాది కానట్టుండేది. ఆఖరి రోజు మా కచేరీ విని, నచ్చితే మొదటి వయొలిన్ అమ్మాయిని తమ దగ్గర ఏడాది శిక్షణకు తీసుకుంటామని ఆర్కెస్ట్రా నడిపించే మేడం చెప్పింది.

ఒకప్పుడు పెద్ద వాద్యబృందంలో కొలువు చేసినన్నాళ్లూ ఒక్క స్వరం తప్పలేదని పిల్లలకు గొప్పగా చెప్పాను. అబద్ధం కాదు. వెనక వరసలో కూర్చునేవాణ్ణి. వేగం పెరిగిన చోట కమానును తీగకు తగలకుండా పైపైన ఆడించేవాణ్ణి. వాయించని స్వరం ఎలా తప్పుతుంది? చుట్టూ అంతమంది వాయిస్తుంటే ఎవరికి తెలుస్తుంది? ఇక్కడ వయోలాకు నేనొక్కణ్ణే.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి సాధన ఆపి, మిగతా ఇద్దరినీ చాయ్‌కు పంపింది.

"తాతా, గా ఉరికే జాగల నువ్వు వాయిస్తలేవు."

"వాయిస్తున్న బిడ్డా, మెల్లగ."

"మెల్లగ కాదు. కమాను ఊగుతుంది గని సప్పుడు వస్తలేదు. నా కాళ్ల కింద నేల లేనట్టయితుంది."

వయోలా నీడలా ఉండాలని పెద్ద మాట ఒకటి నోటిదాకా వచ్చింది. చెప్పే ఓపిక లేకపోయింది.

"వేళ్లు ఉరుకుతలేవు బిడ్డా. ఎన్నడూ ఉరకలే. మేడంను అడుగు, ఆర్కెస్ట్రా వాళ్లల్ల ఒకర్ని కూసోబెడ్తది."

ఆమె స్వరాల కాగితంలో ఆ చోటు మీద వేలు పెట్టింది.

"వాళ్లు కూసుంటే అంత వాళ్లే నడిపిచ్చిండ్రు అంటరు. నీ వేళ్లు ఎంత ఉరికితే గంతనే పోదాం."

"వాళ్లు స్పీడు చూస్తరు బిడ్డా, మెల్లగ పోతే నిన్ను తీసుకోరేమో."

"తీసుకోకుంటే మానె. సగం వాయిద్యంతోని నేను వాయియ్య."

మా బృందానికి చేయి ఊపి నడిపించే మనిషి ఉండడు. మొదటి వయొలిన్ తీసుకునే ఊపిరిని బట్టే మిగతావాళ్లు కదలాలి. కచేరీనాడు ఆమె నిదానంగా ఊపిరి తీసుకుంది. వేగం పెరిగే చోట నేను కమానును తీగ మీద ఆనించాను. రెండు చోట్ల తప్పాను, హాలంతా విన్నది. ఆమె నా వైపు తిరగలేదు, పాట ఆగలేదు.

తరువాత మేడం, ఇంత నిదానమెందుకని ఆమెను అడిగింది. నలుగురం అలాగే అనుకున్నామని ఆమె జవాబిచ్చింది. ఆ నిదానం నా సలహానే అని నేను మధ్యలో దూరి చెప్పబోయి, అసలు సంగతి తెలిసిన చెల్లెలు చూస్తుండటంతో నోరు మూసుకున్నాను. మేడం ఆమెను తీసుకుంది.

శిబిరం అయిపోయినా మా సాధన ఆగలేదు, ఇప్పుడు మేం ముగ్గురం మిగిలాం. మొదటి కుర్చీలోకి వచ్చిన చెల్లెలికి నిదానమంటే గిట్టదు. పొద్దున్నే భుజానికి మందు రాసుకుని, ఆ వేగపు చోటే మళ్లీ వాయించుకుంటున్నాను. అది ఇంకా చేతికి రాలేదు.