మాస్టారి కంప్యూటర్‌కు చలవ

మా ఆయనకు కళ్లెదుట ఉన్న ఉప్పు డబ్బా కనిపించదు. పెళ్లయిన నాటి నుంచీ దెప్పుతూనే ఉన్నాను. అదే మనిషి పాడైన కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం నా నోరు మూతపడుతుంది.

మా వీధి చివర ఎంబ్రాయిడరీ షాపు ఉంది. అక్కడి మాస్టారికి చూపు మసకబారింది, ఇక కొత్త డిజైన్లు గీయలేరు. ఇన్నాళ్లూ గీసినవన్నీ షాపు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అది ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోతోంది. ముందు చూసినవాడు డిస్కు పోయిందనీ, డిజైన్ల మీద ఆశ వదులుకోమనీ చెప్పి వెళ్లాడట. మాస్టారి భార్య కబురు పెడితే మా ఆయన బయల్దేరారు. కుట్టడానికిచ్చిన జాకెట్టు వంకతో నేనూ వెళ్లాను.

ఆన్ చేశారు. తెర వెలిగింది, దాని మీద చక్రం తిరుగుతుండగా టక్కున ఆరిపోయింది. వెంటనే మళ్లీ నొక్కితే తెర వెలగకముందే ఆరింది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

"అలా కూర్చున్నారేంటి?" అన్నాను.

"చల్లారనివ్వవే."

నాకు ఒళ్లు మండింది. చాలాసేపటికి మళ్లీ నొక్కారు. ఈసారి మొదటిసారంత సేపు నిలిచి ఆరింది. "డిస్కు కాదమ్మా, వేడి," అన్నారు మాస్టారి భార్యతో.

డబ్బా విప్పితే, లోపలి చిన్న ఫ్యాన్ కింద రంగురంగుల దారాల నూగు దిండులో దూదిలా బిగుసుకుపోయి ఉంది. కటింగ్ బల్ల పక్కన టేబుల్ ఫ్యాన్ సరిగ్గా కంప్యూటర్ వైపే తిరిగి ఉంది. బల్ల మీద నూగంతా ఎగిరి అందులోకే చేరింది.

మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. "వేడెక్కకూడదని ఆ ఫ్యాన్ పెట్టింది నేనే. అయితే నా బొమ్మల్ని నేనే పోగొట్టుకున్నానా?"

మా ఆయన ముక్కుసూటి మనిషి, అబద్ధం చేతకాదు.

"నూగు ఫ్యాన్ వల్లే చేరింది మాస్టారూ. కానీ కాలిపోయేంత వేడెక్కకముందే కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగింది కాబట్టే మీ బొమ్మలు బతికి ఉంటాయి."

బ్రష్‌తో నూగంతా తీసి, చిప్పు వేడిని బయటికి లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది పూశారు. ఆన్ చేస్తే ఈసారి ఆరలేదు. ముందు డిజైన్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, అప్పుడు ఒకటి తెరిచారు. మాస్టారి భార్య దాని పేరు చదివింది.

మాస్టారు గాల్లో వేలితో గీయసాగారు. "ఇక్కడ తీగ ఎడమకు తిరిగి, మొగ్గ దగ్గర ఆగుతుంది. అలాగే ఉందా?"

"అలాగే ఉంది," అంది ఆమె. మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూడలేదు.