పచ్చ చాప

నాకు పుట్టుకతోనే భయం ఎక్కువ. బల్లి పడినా భయమే, బస్సులో కండక్టరు చిల్లర అడిగినా భయమే. మా అత్తగారు అందుకు పూర్తిగా విరుద్ధం. వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే మిగతా బిందెలు వాటంతటవే పక్కకి జరిగేవి. ఆ ఇంట్లో కోడలుగా అడుగుపెట్టినప్పటి నుంచి నా భయాలన్నిట్లోకీ పెద్దది ఆవిడే.

తొంభైల చివర్లో మాట ఇది. తెల్లమచ్చ రోగం వచ్చి మా చెరువులో రొయ్య మొత్తం పోయింది. మా ఆయన వేరేవాళ్ళ చెరువు మీద కాపలాకి కుదిరి అక్కడే ఉండేవారు. నేను భీమవరంలో ఒక కుట్టు సెంటరులో చేరాను. ఇల్లు గడవడానికి అప్పుడు అదే ఆధారం.

ఆ సెంటరులో రంగురంగుల గుడ్డముక్కలు జతచేసి బొంతలు కుట్టి విదేశాలకి పంపేవాళ్ళు. పాత చీరలతో బొంత కుట్టడం మా ఇళ్ళలో ఎవరికైనా వస్తుంది. కానీ అక్కడ ముక్క నూలుపోగంత తేడా వచ్చినా బొంత మొత్తం వంకరపోయేది. అందుకని కత్తెర కాకుండా గుండ్రటి బ్లేడు చక్రంలా తిరిగే కత్తి వాడేవాళ్ళం. దాని కింద వేసుకోవడానికి సెంటరు నడిపే మేడంగారు బొంబాయి నుంచి తెప్పించిన పచ్చటి కటింగ్ మ్యాట్ ఉండేది. బల్లంత వెడల్పు, మీద గళ్ళుగళ్ళుగా తెల్లగీతలు. గుడ్డని ఆ గీతలకి సరిపెట్టి కోసేవాళ్ళం. కత్తి గాటు పడినా అది మళ్ళీ మూసుకుపోయేది. నాకంటే ముందు కటింగ్ చేసిన అమ్మాయి పాత మ్యాట్ మీద పొరపాటున ఇస్త్రీపెట్టె పెట్టింది. అది వంగిపోయింది. ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని మాన్పించేశారు. నేను చేరింది ఆ ఖాళీలోనే కాబట్టి మ్యాట్ దగ్గర కూర్చున్నంతసేపూ నా ప్రాణం గుప్పిట్లోనే ఉండేది.

కొన్నాళ్ళకి గాట్లలో దూదినూగు ఇరుక్కుపోయి కత్తికి గుడ్డ సరిగ్గా తెగడం మానేసింది. మ్యాట్ కడగాలి. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక సెంటరు బోరులో ఉప్పునీళ్ళే, ఏది కడిగినా తెల్లచారలు కట్టేవి. మా ఊళ్ళో మంచినీళ్ళున్నాయని మేడంగారు శనివారం దాన్ని నాకిచ్చి పంపారు. చన్నీళ్ళు, కొంచెం షాంపూ, మెత్తటి బ్రష్షు, నీడలో పరిచి ఆరబెట్టాలి, సోమవారం తేవాలి అని మరీమరీ చెప్పారు.

ఇంటికి తేగానే అత్తగారు అదేంటని అడిగారు. మ్యాట్ అంటే కోడలు ఇంగ్లీషు వెలగబెడుతోంది అనుకుంటారేమోనని జంకాను.

"చాపండి. కడగాలి," అన్నాను.

ఆదివారం పొద్దున్నే మా ఆయనకి క్యారేజీ ఇవ్వడానికి చెరువు మీదకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చేసరికి నేను గోడకి ఆనించి వెళ్ళిన మ్యాట్ లేదు. అత్తగారు డాబా మీదనుంచి పిలిచారు. మెట్లెక్కి చూద్దును కదా, వైశాఖమాసపు ఎండలో, కాలు పెడితే బొబ్బలెక్కే సిమెంటు మీద, నూనెలో వేసిన అప్పడంలా అంచులు పైకి లేచి ఉంది మ్యాట్. చాప అన్నాక కొబ్బరిపీచుతో తోమకుండా, ఎండలో వేయకుండా ఎవరుంటారు? నూగు పోగు ఒక్కటి లేదు. తెల్లగీతలు తళతళలాడుతున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"కోడలు వారమంతా బస్సుల్లో పడి తిరుగుతోంది, ఈ ఒక్కటీ నేను చేద్దామనుకున్నా," అన్నారు.

ఆ ఇస్త్రీపెట్టె అమ్మాయి ఏడుస్తూ గేటు దాటిందని తోటివాళ్ళు చెప్పింది గుర్తొచ్చింది. అది ఎండ చూడకూడదని, నా పని పోతుందని చెప్పేశాను. ఇక ఆవిడ నా మీద విరుచుకుపడతారని తల దించుకున్నాను.

తలెత్తి చూస్తే ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చాపన్నావు కదే," అన్నారు, వినిపించీ వినిపించనట్టు.

ఇద్దరం కలిసి కిందికి దించాం. వేడిగా ఉన్నంతసేపూ దోసెలా ఎటు వంచితే అటు వంగింది. నీడకి రాగానే వంగింది వంగినట్టే బిగుసుకుపోయింది. అంటే మళ్ళీ వేడి చేసి, మెత్తబడ్డాక చదునుగా అదిమిపెట్టాలి. వేడికి చెడినదాన్ని నా చేతులతో నేనే మళ్ళీ వేడి చెయ్యాలంటే నాకు చెయ్యి రాలేదు. గీతలు చెరిగిపోతే? మొత్తానికి ముడుచుకుపోతే? అత్తగారు అప్పటికే పొయ్యి మీద నీళ్ళు పెట్టేశారు.

నున్నటి గచ్చు మీద మ్యాట్ పరిచి, తువ్వాలు కప్పి, మరుగునీళ్ళు పోశాం. అంచులు మెల్లగా కిందికి దిగాయి. వెంటనే అటక మీది వెడల్పాటి చెక్క దించి పైన పెట్టాం. ఇంట్లో ఉన్నది ఒకటే బియ్యం బస్తా. అది ఒక పక్కకే సరిపోయింది. రెండో పక్క బరువుకి ఏదీ కనపడక నేను వంటింట్లోకీ వసారాలోకీ పరుగులు పెడుతుంటే, అత్తగారు వెళ్ళి చెక్క మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

సాయంత్రం దాకా లేవలేదు. అన్నం అక్కడే తిన్నారు. కుళాయి వచ్చిందని పక్కింటావిడ కేకేస్తే, ఇవాళ నువ్వే ముందు పట్టుకో అన్నారు. ఆ మాటకి పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి మరీ చూసి వెళ్ళింది. ఇంకో రోజయితే నవ్వి చచ్చేదాన్ని. అత్తగారు చీర కొంగుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం చూస్తూ కూర్చున్నాను.

చల్లారాక చెక్క తీశాం. మ్యాట్ చదునుగా వచ్చింది, ఒక్క మూల తప్ప. అక్కడ వేలు దూరేంత లేచే ఉంది. ఆ మూల మీద మళ్ళీ వేడినీళ్ళు పోశాం, రుబ్బురోలు పొత్రం పెట్టాం. అది మాత్రం లొంగలేదు.

సోమవారం పొద్దున్న నేను తయారయ్యేసరికి అత్తగారు ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎక్కడికండి అని అడిగే ధైర్యం నాకు లేదు. బస్సులో మ్యాట్ కి ఎవరి మోచెయ్యీ తగలకుండా దారంతా అందరినీ అదిలిస్తూ వచ్చారు.

మేడంగారు మ్యాట్ ని బల్ల మీద పరిచారు. ఆ మూలని బొటనవేలితో నొక్కి వదిలారు. అది లేచింది.

"ఎవరు కడిగారు దీన్ని?"

"నేనేనండి," అన్నాను.

"ఆయ్, నేనేనండి," అన్నారు వెనకనుంచి అత్తగారు. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడటం నేను అదే మొదటిసారి చూడటం.

మేడంగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, స్కేలు తీసుకున్నారు. గీతల మధ్య దూరం కొలిచారు. నిలువు కొలిచారు, అడ్డం కొలిచారు. గీతలు ముడుచుకుంటే ముక్కలన్నీ తప్పొస్తాయి. అంటే నా పని అయిపోయినట్టే.

"కొలత పోలేదు," అన్నారు చివరికి. "ఆ మూల మీద బరువేదైనా పెట్టుకుని కొయ్యి. ఇంకోసారి ఎండ తగలనివ్వకు."

అత్తగారిని సాగనంపడానికి గేటు దాకా వచ్చాను. ఆవిడ రిక్షాని పిలిచి, ఎక్కబోతూ ఆగారు.

"భయం వేసిందా?"

"వేసిందండి."

"నాకూ వేసింది," అన్నారు ఎటో చూస్తూ. "ఎవరితోనూ అనకు. మావాడితో కూడా."

ఆవిడ ఉన్నన్నాళ్ళూ నేను ఎవరితోనూ అనలేదు.