రాయి కింద దరఖాస్తు

ఆ రోజుల్లో పులివెందుల బస్టాండులో ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే మేం నిజం చెప్పేవాళ్లం కాదు. ఊరు చెబితే ఎవరి పక్షమో తెలిసిపోతుంది. పక్షం తెలిస్తే ఏమవుతుందో చెప్పలేం. మా నాయన టీ తాగడానికి వెళుతూ కూడా, "ఎవురేమడిగినా నిజం చెప్పొద్దు పాపా" అని హెచ్చరించి పోయాడు.

అందుకే తెల్లచీర కట్టుకున్న ఒకామె వచ్చి నా పక్కన కూర్చోగానే అవతలికి జరిగాను.

"ఏ ఊరమ్మా మీది?"

"వల్లూరు." మాది కాదు.

"ఏం చదివినావు?"

ఈమెను ఎవరు పంపారో! ఆ ఏడే ఎనిమిది పాసయినదాన్ని, "నాకు చదువు రాదు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మరి ఇందాక బోర్డు చూసి, అది జమ్మలమడుగు బస్సని ఆ ముసలాయనకు ఎట్ల చెప్పినావు?"

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ప్రొద్దుటూరులో టీచర్ ట్రైనింగు దరఖాస్తు. మా చెల్లెలికని తెచ్చినా, అది పోనంటాంది. ఎనిమిది పాసయ్యింటే చాలు."

నేను చెయ్యి చాపలేదు. ఆమె దాన్ని బెంచీ మీద ఉంచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, తన బస్సెక్కింది.

ఆ బస్సు మలుపు తిరిగేదాకా ఆగి, రాయి తీశాను. నాయన వచ్చేసరికి కాగితం నా రవికలో ఉంది.

ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. ఈనాటికీ బస్టాండులో ఎవరైనా ఊరడిగితే వల్లూరనే అంటాను. చదువు అడిగితే మాత్రం అబద్ధం చెప్పను.