బుసైతీన్ పంపు ఆపరేటరు పోస్టు

1986 వేసవిలో నేను బహ్రెయిన్‌లో ప్రభుత్వ నీటి విభాగంలో బడ్జెట్ సెక్షన్ అకౌంటెంటుని. ఆ ఏడాది చమురు ధర బాగా పడిపోయింది. చిన్న ద్వీపం, ఖజానాకు పెద్ద ఆదాయం ఆ చమురే. తాగే నీళ్ల కోసం సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే ఖర్చు మాత్రం తప్పదు, ధర పడిందని జనానికి దాహం తగ్గదు కదా. అందుకని పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ఉన్నవాళ్లను తీసెయ్యొద్దు, ఖాళీ పోస్టులు రద్దు చేయండి.

ఆ జాబితా రాయడం నా పని. జీతాల రిజిస్టరులో ఆ నెల సంతకం లేని పోస్టులన్నీ ఖాళీ అనుకుని పదకొండు రాసేశాను. పేర్లు చూడలేదు, పోస్టులే చూశాను. వారం చివరి పనిరోజున ఆ కాగితం సెక్షన్ అధిపతి బల్లమీద పెట్టి, నన్ను నేనే మెచ్చుకుంటూ మహూజ్‌లోని ఇంటికి వెళ్లాను.

శుక్రవారం అక్కడ వారపు సెలవు, ఆ రోజు హూరాలో తెలుగు క్రైస్తవుల సహవాసం. నేను ఆ మధ్యే చేరాను. ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ ప్రకాశం అనే ఫిట్టరు లేచాడు.

"మా బావ యేసురత్నం లీవు అయిపోయి సోమవారం దిగుతున్నాడండి. ప్రయాణం క్షేమంగా జరగాలని ప్రార్థన చెయ్యండి."

ఎక్కడ పనిచేస్తాడని మాటవరసకు అడిగాను.

"మీ డిపార్టుమెంటే కదండీ! బుసైతీన్‌లో పంపు ఆపరేటరు."

జాబితాలో మూడో వరస అదే. లీవు మీద వెళ్లేవాళ్లు జీతం ముందే తీసుకుంటారు, ఆ సంతకం వేరే పుస్తకంలో ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ పుస్తకం తెరవలేదు! పోస్టు రద్దయితే అతని వీసా కూడా పోతుంది, దిగినవాణ్ణి దిగినట్టే వెనక్కి పంపుతారు. ఆ రోజు సహవాసంలో నా అంత గట్టిగా ఎవరూ ప్రార్థించి ఉండరు.

శనివారం ఆఫీసు తలుపులు తీయకముందే వెళ్లి నిలబడ్డాను. కాగితం బల్లమీదే ఉంది, సంతకం లేదు. మా అధిపతి ముహర్రక్‌కు చెందిన పెద్దాయన. సెలవుకు ముందు వచ్చిన కాగితంలో తొందర ఉంటుందని, అలాంటిదాని మీద వెంటనే సంతకం పెట్టనని అన్నారు. బతుకుజీవుడా అనుకుని తప్పు ఒప్పుకున్నాను. ఆయన కేకలెయ్యలేదు, లీవు పుస్తకం తెప్పించి నా ముందు పెట్టారు. చూస్తే పదకొండులో నాలుగు పోస్టులకు మనుషులున్నారు. ఆ మేరకు తగ్గిన పొదుపును కొత్త కార్ల కొనుగోలు ఆపి సర్దాం. అందులో ఒక కారు ఆయనకు రావలసిందే.

యేసురత్నం సోమవారం దిగాడు. తర్వాతి శుక్రవారం నాకో ఆవకాయ సీసా తెచ్చి, "నా కోసం మీరూ ప్రార్థన చేశారటగదండీ" అన్నాడు. చేశానన్నాను. ఎందుకో చెప్పలేదు.

రిటైరయ్యేదాకా, ఏ గడి ఖాళీగా కనిపించినా కొట్టెయ్యబోయే ముందు రెండో పుస్తకం తెరిచి చూశాను. పొదుపు ఉత్తర్వు ఇచ్చేది పైవాళ్లే. అది ఎవరి నెత్తిన పడాలో తేల్చేది మాత్రం జాబితా రాసే గుమాస్తా.