లినక్స్ చెప్పిన పదో తరగతి రిజల్ట్స్

ఆ రోజుల్ల సిద్దిపేటల కంప్యూటర్ అంటె చెప్పులు బయట విడిచి చూసేటి వస్తువు. దానికొక చల్లటి గది, మీద కప్పెతందుకు బట్ట, ముట్టుకుంటె కసురుకునేతందుకు ఒక సార్ ఉండాలె. అటువంటి కాలంల హైదరాబాద్‌ల కంప్యూటర్ కోర్సు చదివొచ్చిన నన్ను (కోర్సు సగంలనే ఆగిందన్న సంగతి ఎవ్వరు అడగలె, నేను చెప్పలె) మా గల్లీల ఎంత గొప్పగ చూసేటోళ్లంటె, రేడియో పలుకకున్నా, మిక్సీ తిరగకున్నా నా దగ్గరికే తెచ్చేటోళ్లు. నేను గూడ దాన్ని అటుఇటు తిప్పి చూసి, "బోర్డు పోయింది" అని గంభీరంగ చెప్పి వాపసు పంపేటోన్ని. మిక్సీల బోర్డు ఉంటదో ఉండదో నాకు ఇప్పటికీ తెల్వదు.

మా చిన్నాయనకు పాత బస్టాండు కాడ ఎస్టీడీ బూత్ ఉండె. సెల్‌ఫోన్లు వస్తున్నయంట, ఇగ బూత్ మొఖం ఎవలు చూస్తరు అని ఆయనకు రంది పట్టుకున్నది. ఒకనాడు నన్ను పిలిచి, "అరేయ్, ఇంటర్నెట్ పెడుదాం. పదో తరగతి రిజల్ట్స్ ఊర్ల అందరికంటె ముందుగాల మన బూత్లనే కనవడాలె. కంప్యూటర్ నువ్వే సూసి తీస్కరా" అన్నడు. ఆయన బిడ్డ, మా చెల్లె, ఆ యేడే పదో తరగతి రాసింది. 'నువ్వే సూసి' అన్న మాటతోని నా కాళ్లు భూమ్మీద ఆగలె.

నా దగ్గర కంప్యూటర్ పత్రికతోని పుక్కట్ల వచ్చిన లినక్స్ సీడీ ఒకటుండె. విండోస్ లెక్కనే అది గూడ కంప్యూటర్‌ను నడిపిచ్చే సాఫ్ట్‌వేరే. విండోస్ అందరు వాడుతరు, లినక్స్ తెలివిగలోళ్లు వాడుతరు అని ఆ పత్రికల రాసిండ్రు. (అట్ల రాయలేదు కావచ్చు, నేనే అట్ల చదువుకున్న.) మన బూత్ల లినక్సే ఉండాలె అని చిన్నాయనకు చెప్పిన.

"గదేం కంపెనీ?" అన్నడు.

"కంపెనీ లేదు చిన్నాయనా. లోకంల ఉన్న మంచోళ్లందరు కలిసి పుక్కట్ల చేసిన్రు."

"మరి ఖరాబైతె ఎవని కాలరు వట్టుకోవాలె?"

నేను నవ్విన. తర్వాత తేలిందేందంటె, ఆ కాలరు నాదే.

ఏ సామాను లినక్స్‌కు పడుతదో, ఏది పడదో చూసుకొని కొనాలని, మోడెం సంగతిల మరీ పైలంగ ఉండాలని పత్రికల లావు అక్షరాలతోని ఉండె. లావు అక్షరాలు తెల్వనోళ్ల కోసం పెడుతరని నేను ఆ పేజీ తిప్పేసిన. సికింద్రాబాద్ల కంప్యూటర్ల దుకాణపాయన, "మోడెం బయట పెట్టేదియ్యాల్నా, లోపల పెట్టేదా?" అని అడిగిండు. ఫోన్ వైరును కంప్యూటర్‌కు కలిపేది మోడెమే, అది లేకుంటె ఇంటర్నెట్ లేదు. బయటిది ఎర్ర లైట్ల డబ్బా, లోపలిది కంప్యూటర్ కడుపుల కూసుండే కార్డు. బల్ల మీద డబ్బా, వైర్లు ఉంటె చిల్లరగ కొడుతదని లోపలిదే తీసుకున్న. తెరకు బొమ్మలు పంపే కార్డునైతె, దాని అట్టపెట్టె మీద రెక్కల గుర్రం ఉన్నదని తీసుకున్న. "ఇవి లినక్స్‌కు పనిజేస్తయా?" అన్న ఒక్క మాట మాత్రం అడగలె. అడిగితె వీనికేం తెల్వదు అనుకుంటడు గదా!

ఇంటికొచ్చి సీడీ ఎక్కించినంక చూస్తె, రెక్కల గుర్రం కార్డు లినక్స్‌కు తెల్వనే తెల్వదు. రంగులు రాలె, బొమ్మలు రాలె, నల్లటి తెర మీద అక్షరాలే వచ్చినయి. "లినక్స్ గిట్లనే నల్లగుంటది" అని చిన్నాయనకు చెప్పిన. మోడెం అంతకంటె మొండిది. దానికి సొంత బుర్ర లేదు, సగం పని విండోస్ చేసిపెడితెనే పలుకుతది. లినక్స్‌ల ఎంత బతిమిలాడినా ఉలకలె, పలకలె. ఈ లోపల చిన్నాయన బూత్ ముంగట 'ఇచ్చట ఇంటర్నెట్లో రిజల్ట్స్' అని బట్ట బ్యానర్ కట్టిచ్చిండు. ఆయన మొఖంల సంబురం చూసి నాకు చెప్ప బుద్ధి కాలె. రిజల్ట్స్ దినం పొద్దుగాల తానంతట తనే లేస్తదేమో అని ఆశ. (మనుషులకు అట్ల జరుగుతది, మోడెంలకు జరగదు.)

ఆ దినం దౌల్తాబాద్ బస్సు, కుకునూరుపల్లి బస్సు మా బూత్ ముంగటనే ఖాళీ అయినట్టున్నయి. పక్క దుకాణం గాజుల చాచా తన బిడ్డను తీసుకొని అందరికంటె ముందుగాల నిలవడ్డడు. మా చెల్లె స్తంభం చాటున నిలవడి గోర్లు కొరుకుతున్నది. నా షోకు ఎట్లుండెనంటె, తెరను జనం దిక్కు తిప్పి పెట్టి, స్విచ్చు ఏసిన.

లినక్స్ లేచేటప్పుడు లోపల ఒక్కో పని మొదలైతుంటె తెర మీద ఒక్కో వరుస వస్తది. పని అయితె వరుస చివర పచ్చగ 'ఓకే' అని పడుతది.

"ఓకే అంటె పాసేనా?" అన్నడు ముంగటి రైతు.

"పాసే! పాసే!" అని ఎన్క నుంచి ఎవలో ఒర్రిన్రు. ఇగ ప్రతి ఓకేకు చప్పట్లు. చాచా "మాషా అల్లా" అంటున్నడు. నేను నోరు తెరిచే లోపల ఎర్రగ ఒక వరుస పడ్డది: 'ఫెయిల్డ్'.

చప్పట్లు ఆగినయి. దాని కిందనే ఇంకొక ఎర్ర వరుస.

"యే కిస్కా హై? మా పిల్లదా ఏంది?" అన్నడు చాచా. ఆ మాటతోని ఆయన బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. "అన్నా, గది నా నంబరా?" అని మా చెల్లె అందుకున్నది. ఒక తండ్రి అప్పుడే కొడుకు మీదికి చెయ్యి లేపిండు. నేను స్టూలు మీదికెక్కి గొంతు చించుకున్న:

"ఆగుండ్రి! ఫెయిలైంది పిల్లలు కాదు, మోడెం!"

"మోడెం అంటె ఎవల పోరడు?" అని ఎన్క నుంచి ఒకాయన అడిగిండు.

సంగతి తెలిసినంక చాచా గుండె మీద చెయ్యేసుకొని, "అంటె ఫెయిలైంది నువ్వు, మా పిల్ల కాదు. అల్‌హమ్‌దులిల్లా!" అన్నడు. అందరు నవ్విన్రు. చిన్నాయన ఒక్కడే నవ్వలె. నా దిక్కు ఒకసారి చూసి, అద్దాల కేబిన్లకు పోయి, హైదరాబాద్‌ల ఇంటర్నెట్ సెంటర్ నడిపే బామ్మర్దికి ఎస్టీడీ కొట్టిండు. అటు నుంచి బామ్మర్ది చదువుడు, ఇటు నుంచి చిన్నాయన తలుపు తెరిచి ఒర్రుడు. చెల్లె ఫస్ట్ క్లాస్. చాచా బిడ్డ గూడ ఫస్ట్ క్లాస్. నిజంగ తప్పినోళ్లు గూడ ఉన్నరు పాపం. వాళ్లను మాత్రం చిన్నాయన లోపలికి పిలిచి, తలుపేసి, భుజం మీద చెయ్యేసి మెల్లగ చెప్పిండు. నేను తెచ్చిన మెషిన్‌ను మించిన మెషిన్ మా చిన్నాయనే అని ఆ దినం అర్థమైంది.

తర్వాత నేను మళ్ల సికింద్రాబాద్ పోయి, బతిమిలాడి, లోపలి మోడెం వాపసిచ్చి బయటిది తెచ్చిన. ఒకనాడు మాపటీలి అది కుయ్యిమని మొత్తుకొని, లైట్లు మిణుకుమని, ఇంటర్నెట్ కలిసింది. కానీ రిజల్ట్స్ అయిపోయినయి, బూత్ల మేమిద్దరమే ఉన్నం. లోకమంత ముంగట తెరిచి పెట్టినంక ఏం చూడాల్నో ఇద్దరికీ తోచలె. ఆఖరికి చిన్నాయన, "సిద్దిపేట ఉన్నదా సూడు" అన్నడు. వెతికిన. ఆ దినం నాకు ఎక్కడా దొరకలె.

"లేదట చిన్నాయనా."

"లేకుంటె ఏమాయె! మనమైతె ఉన్నం గదా," అని లేచి చాయ్ చెప్పొచ్చిండు.

ఇప్పుడు నా ఫోన్ల సిద్దిపేట గల్లీ గల్లీ కనవడుతది. ఆ బూత్ జాగల ఏ దుకాణం ఉన్నదో గూడ చూపెడుతది. చాయ్ గ్లాసు పట్టుకొని, తానేదో లోకాన్ని జయించినట్టు తెర ముంగట ఛాతి విరుచుకొని కూసున్న ఆ బక్క పోరడు, అప్పటి నేను, మాత్రం అండ్ల దొరకడు. దొరికితె ఏం చేస్తనో నాకే తెల్వదు. కొంచెం నవ్వుత కావచ్చు, కానీ వానికి వినవడకుంట.