ఎర్ర సంచిలో కరిగిన కళ్లజోడు

ఆ రోజుల్లో పెద్దదానిలా కనబడాలని నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏలూరులో ట్రైనింగు ముగించి, పందొమ్మిదో ఏట తాడేపల్లిగూడెంలో మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. పొట్టిగా, బక్కగా ఉండేదాన్ని. నా తరగతిలో ముగ్గురు పిల్లలు నాకన్నా పొడుగు. మొదటి వారమే ఒక పిల్ల తల్లి గుమ్మంలో నిలబడి, "ఏవమ్మా, మీ టీచరుగారు లేరా?" అంది. "నేనేనండీ" అన్నాను. ఆవిడ నా వెనక్కి ఒకసారి తొంగిచూసి, "పోనీలే, ఆవిడొచ్చాక చెప్పు" అని వెళ్లిపోయింది.

ఆ ఆదివారమే ఏలూరు బజారులో కళ్లజోడు కొన్నాను. (నా కళ్లకి ఏ లోపమూ లేదు. మా మేనత్త వాళ్లూరు వెళితే కొల్లేట్లో ఎంతో దూరాన వాలిన కొంగల్ని కూడా లెక్కపెట్టేదాన్ని.) మామూలు అద్దాలు, చుట్టూ తేనెరంగు సెల్యులాయిడ్ ఫ్రేము. దాంతో ఇచ్చిన రేకుపెట్టె మోటుగా ఉందని, తోలులా కనబడే మెత్తటి ఎర్ర సంచి కూడా కొన్నాను. జోడు బాగానే పనిచేసింది. పిల్లలు నెమ్మదించారు. పెద్ద టీచరుగారు (హెడ్‌మిస్ట్రెస్‌ని అలాగే పిలిచేవాళ్లం) నన్ను "మీరు" అనడం మొదలుపెట్టారు.

ఎండాకాలం వచ్చింది. ఒక శనివారం ఇంటికి వెళుతూ, అమ్మ చూస్తే నవ్వుతుందని జోడుని సంచిలో పెట్టి, నా గదిలో కిటికీ పక్క ట్రంకుపెట్టె మీద వదిలేశాను. సోమవారం పొద్దున్న రైలు దిగి పరుగున గదికొచ్చాను. ఆ రోజు ఇన్‌స్పెక్ట్రెస్ గారు వస్తున్నారు. ఆవిడ మంచిమాట రాస్తేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది. సంచి తెరిచి జోడు లాగితే రాలేదు. రెండూ కరుచుకుపోయి ఉన్నాయి. బలం కొద్దీ లాగితే సంచి లోపలి ఎర్ర పూతంతా ఫ్రేముకి అంటుకుని వచ్చింది. ఒక కాడ మెత్తబడి వంకర తిరిగింది. అద్దాలు తుడిచి, అలాగే పెట్టుకుని బడికి పోయాను. అది లేకుండా ఆవిడ ముందు నిలబడే ధైర్యం నాకు లేదు మరి.

గోదావరి గురించి పాఠం మొదలుపెట్టాను. ఇన్‌స్పెక్ట్రెస్ గారూ, పెద్ద టీచరుగారూ వెనక కూర్చున్నారు. నాకు చెమటలు పట్టాయి. జోడు ముక్కు మీదికి జారుతుంటే పైకి తోస్తూ, భద్రాచలం దాకా వచ్చానో లేదో, ముందు వరసలో పిల్ల కెవ్వుమంది.

"టీచరుగారండీ! మీ ముక్కులోంచి రక్తం!"

తరగతి తరగతంతా లేచింది. ఇన్‌స్పెక్ట్రెస్ గారు గబగబా వచ్చి, చేతిరుమాలుతో నా ముక్కు తుడిచి, వేలికంటిన ఎరుపుని వాసన చూశారు. జోడు తీసి అద్దాల్లోంచి గోడ కేసి, తరవాత నా కేసి చూశారు.

"దీనికి పవరు లేదేంటమ్మా?"

తలనొప్పికి డాక్టరుగారు ఇచ్చారని ఒక అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆ అబద్ధం ఆడలేకపోయాను.

"పెద్దదానిలా కనబడాలని పెట్టుకున్నానండీ."

పెద్ద టీచరుగారు కళ్లు మూసుకున్నారు. (నా ఉద్యోగం కోసం ప్రార్థన చేస్తున్నారనుకుంటాను.)

"సరే, ఇదెందుకిలా అయిందో తెలుసా?" అన్నారు ఇన్‌స్పెక్ట్రెస్ గారు.

"తెలియదండీ. తోలులాంటి ఎర్ర సంచిలో పెట్టి కిటికీ పక్కన వదిలేశాను, ఎండకి కరిగిందేమో."

"ఎండ ఒక్కటే కాదు. అలాంటి సంచుల గుడ్డకి పూసిన పూత ఎండితే పెళుసుగా ఉంటుంది. మెత్తగా ఉండడానికి అందులో ఆముదం కలుపుతారు. మీ ఫ్రేములో అదే పనికి కర్పూరం ఉంటుంది. ఆ పూతా, ఈ ఫ్రేమూ ఒకే జాతివి. వేడికి ఆ నూనె బయటికొచ్చి ఫ్రేములోకి దిగుతుంది, రెండూ మెత్తబడి అతుక్కుపోతాయి. నా దువ్వెన కూడా ఇలాగే చేతిసంచికి అంటుకుపోయింది" అని పకపకా నవ్వి, "గోదావరి ఎక్కడికీ పోదు. ముందు ఇది చెప్పండి వీళ్లకి" అన్నారు.

చెప్పాను. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఒకత్తి ఫ్రేము వాసన చూసి "అవునండీ, కర్పూరమే!" అంది. ఇంకొకత్తి, "మరి రేకుపెట్టెలో పెడితే అంటుకోదా అండీ?" అని అడిగింది. "రేకులో నూనె ఉండదు కదే" అన్నాను, అప్పుడే నాకూ తట్టి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. పెద్ద టీచరుగారు నన్ను కూర్చోబెట్టి చదివారు. "తెలియనిది తెలియదని పిల్లల ఎదట చెప్పగల టీచరు. ఉంచుకోండి."

ఆ పందొమ్మిదేళ్ల పిల్ల ఇప్పుడు ఎదురైతే దానికి బుద్ధులేమీ చెప్పను. ఇంకొక్క గంట పాఠం చెప్పమని, పిల్లల వెనకాల బెంచీ చివర కూర్చుంటాను.