గోడ మీద నడిచిన గింజలు

తడి సున్నం వాసన వస్తే బోధన్‌లోని అవ్వ వాళ్ల పాత ఇల్లు గుర్తొస్తుంది. అమ్మ చనిపోయాక బాపు నన్ను అక్కడే దింపాడు. చెరకు ఆడే ఫ్యాక్టరీ తియ్యటి పొగ నిండిన ఆ ఇంట్లో, గోడల మీద బూడిదరంగు గింజలు మెల్లగా నడిచేవి. ఒకదానికి ఎర్రటి దారప్పోగు అంటుకుని ఉంది, అచ్చం అమ్మ చీర రంగు. అమ్మే ఇంత చిన్నగా మారి నా కోసం వచ్చిందనుకున్నాను.

ఒకరోజు ఆ ఎర్రపోగు గింజ మీదికి అవ్వ చీపురెత్తింది.

"కొట్టకు అవ్వా, అండ్ల అమ్మున్నది!" అని ఏడ్చాను.

అవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. చిన్న నల్లని తల బయటికొచ్చింది. "పురుగు పిల్ల బిడ్డా. దుమ్ము, దారం చుట్టుకొని పెరుగుతది. రెక్కలొస్తే ఎగిరిపోతది" అంది.

కానీ పారేయలేదు. మళ్లీ గోడ మీదే వదిలి, కాసేపు ఆ గోడను నిమిరింది. పోయింది ఆమె కన్నకూతురని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు.